అంతర్వేది ఒడ్డున ఫ్రెండ్‌తో ఒక వీకెండ్

నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి, భీష్మ ఏకాదశి టైమ్‌లో మాత్రం వద్దు, అక్కడి నరసింహస్వామి కల్యాణానికి జనం విపరీతంగా వస్తారు. నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగండి, అక్కడ్నుంచి రోడ్డున అంతర్వేది. టెంట్ ఎక్కడ వెయ్యొచ్చో ముందు ఊళ్లో జాలర్లని అడగండి, సముద్రం పోటు ఎక్కడిదాకా వస్తుందో వాళ్లకే బాగా తెలుసు, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా పైకొస్తుంది కాబట్టి తడి ఇసకకి బాగా ఎగువనే వేసుకోండి, సరుగుడు చెట్ల చాటైతే గాలి కూడా తగ్గుద్ది కానీ ఎండాకుల దగ్గర మంట పెట్టొద్దు. తాగేనీళ్లు, దోమల క్రీమ్, తేగలు తీస్కెళ్లండి. ఫోన్లు బ్యాగులో పడేసి, ఎన్నాళ్లుగానో మనసులో దాచుకున్నవి తీరిగ్గా చెప్పుకోండి, చెప్పాలనిపించకపోతే ఊరికే పక్కన కూర్చున్నా చాలు, నిజంగా చాలా తేలికపడతారు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట మాత్రం ఈతకి దిగొద్దు, లాగేస్తుంది.