ఘనపదార్థంలో డోలకాలు – 3వ పాఠం: వజ్రం లెక్క

పోయిన పాఠంలో ఎక్కడ ఆపామో గుర్తుందిగా? ఘనపదార్థంలోని ప్రతి పరమాణువునూ మూడు డోలకాల (స్ప్రింగుకు కట్టినట్టు ఇటూ అటూ ఊగేవాటి) కింద లెక్కేశాం: పక్కలకు ఒకటి, ముందుకూ వెనక్కూ ఒకటి, పైకీ కిందకీ ఒకటి. ఒక్కో డోలకం శక్తిని మెట్లు మెట్లుగానే తీసుకుంటుంది, అర మెట్టు అన్న మాటే లేదు. ఈసారి ఆ బొమ్మ నుంచి ఒక అసలు అంకె రాబడదాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి అడ్డంగా తిప్పండి, చాలా ఫోన్లలో సైంటిఫిక్ మీటలు కనిపిస్తాయి.

ముందు చిక్కేమిటో చూద్దాం. ఒక మోల్ (అంటే సుమారు 6 × 10²³ పరమాణువుల) పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో దాన్ని ఉష్ణధారణ అందాం. రాగి కానీ, వెండి కానీ, సీసం కానీ, మామూలు గది వేడిమి దగ్గర ఇది 25 జౌళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. డ్యూలాంగ్, పెటీ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1819లోనే ఈ సంగతి పట్టేశారు. పాత భౌతికశాస్త్రం లెక్క కూడా 24.94 అనే చెబుతుంది. వజ్రం మాత్రం మాట వినదు. దానికి 6 జౌళ్లు చాలు. వేడిచేస్తూ పోతే ఈ 6 పెరుగుతూ 25 వైపు పాకుతుందని హైన్రిష్ వేబర్ 1870ల్లో కొలిచి చూపించాడు. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఆ వేబర్ దగ్గరే జ్యూరిక్‌లో చదువుకున్న ఐన్‌స్టైన్, బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ 1907లో జవాబు చెప్పాడు. గురుశిష్యులకు పొసగలేదు కానీ గురువు కొలతలు శిష్యుడికి బాగా పనికొచ్చాయి.

ఇప్పుడు లెక్క. డోలకం ఒక మెట్టు ఎక్కడానికయ్యే ధరను, అంటే కావాల్సిన శక్తిని, కెల్విన్లలోనే (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే అంకె) చెప్పుకోవచ్చు. దాని పేరు ఐన్‌స్టైన్ ఉష్ణోగ్రత. వజ్రానికి అది 1320. గది వేడిమి 298 కెల్విన్లు. అంటే కొట్లో వస్తువు 1320 రూపాయలు, విడిగా అమ్మరు. వచ్చినవాళ్ల జేబుల్లో సగటున 298 ఉన్నాయి. కొనేవాళ్లు అసలు ఉండరని కాదు, అరుదు. ఎంత అరుదో చూద్దాం.

1320ని 298తో భాగిస్తే 4.43. దీన్ని ఎక్స్ అందాం. కాలిక్యులేటర్‌లో 'ఇ' ఘాతం (eˣ) మీట నొక్కి 4.43 ఇవ్వండి. 83.93 వస్తుంది. దీన్ని 'ఘా' అందాం. ఈ అంకెను ఊరికే దాటేయకండి, పాఠమంతా ఇందులోనే ఉంది: ప్రతి 84 డోలకాల్లో ఒక్కటే కనీసం ఒక మెట్టు ఎక్కి ఉందని దానర్థం. మిగతా 83 అడుగునే కూర్చున్నాయి. వేడి పుచ్చుకునే స్థితిలో లేవు.

ఐన్‌స్టైన్ సూత్రం ఇది:

ఉష్ణధారణ = 24.94 × (ఎక్స్ × ఎక్స్ × ఘా) ÷ (ఘా − 1)²

పైన 4.43 × 4.43 × 83.93, అంటే 1647. కింద 82.93 వర్గం, 6877. భాగిస్తే 0.2395. దాన్ని 24.94తో గుణిస్తే 5.97 జౌళ్లు. కొలిచింది సుమారు 6.1.

మరీ పొంగిపోకండి. ఆ 1320 ఆకాశం నుంచి ఊడిపడలేదు, వజ్రం కొలతల్లోంచే తీసుకున్నది. కాబట్టి ఆ దగ్గర్లో లెక్క సరిపోవడం పెద్ద గొప్పేం కాదు. అసలు పరీక్ష దూరంగా ఉన్న చోట. వేబర్ 1258 కెల్విన్ల దాకా వెళ్లాడు. అక్కడ మీరే వేసి చూడండి. ఎక్స్ 1.05 వస్తుంది, జవాబు 22.8 జౌళ్ల దగ్గర ఆగాలి. వేబర్ కొలిచింది 23. ఇక్కడ మాత్రం ఐన్‌స్టైన్‌కి మార్కులు ఇవ్వాల్సిందే.

ఒక హెచ్చరిక. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేను 298 బదులు 25 వేశాను, సెల్సియస్‌లో. పాయింటు తర్వాత పద్దెనిమిది సున్నాలు పెట్టి ఒక 8 వచ్చింది. ఓ అరగంట సూత్రాన్నే తిట్టుకున్నాను. మీకూ ఇలాంటి వింత జవాబు వస్తే ముందు కెల్విన్ వేశారో లేదో చూసుకోండి.

సీసం సంగతి చూద్దాం. దానికి మెట్టు ధర 90 దరిదాపుల్లోనే. ఎక్స్ 0.3, ఘా 1.35. అంటే 135 డోలకాల్లో 100 పైమెట్ల మీదే ఉన్నాయి! జవాబు 24.75. కొలిస్తే 26.6 వస్తుంది, అది 24.94 కంటే కూడా ఎక్కువ. తేడాలో ఎక్కువ భాగానికి కారణం ఉంది: మన లెక్కలో సీసం సైజు మారదు, బల్ల మీది సీసం మాత్రం వేడికి వ్యాకోచిస్తుంది. కొంత వేడి ఆ పనికి పోతుంది.

వజ్రానికి మెట్టు అంత ఖరీదెందుకు? డోలకం ఎంత వేగంగా ఊగితే మెట్టు ధర అంత ఎక్కువ. సీసం పరమాణువు కార్బన్ కంటే 17 రెట్లు బరువు. డోలకం వేగం బరువు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి దీనివల్ల వచ్చే తేడా 4 రెట్లే. ధరల్లో తేడా 14 రెట్ల పైన ఉంది. మిగతాదంతా స్ప్రింగు బిగువు. వజ్రంలో బంధాలు అంత గట్టివి, గాజును కోసేదీ ఆ బిగువే.

వచ్చే పాఠానికి హోంవర్క్: ఇదే వజ్రాన్ని 100 కెల్విన్ల దగ్గర వేయండి. 0.008 జౌళ్లు రావాలి. అసలు వజ్రం దీనికి ఇరవై రెట్లకు పైగానే పట్టుకుంటుంది. పరమాణువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగుతాయని మనం అనుకున్నాం చూడండి, అక్కడే తప్పింది. 1912లో పీటర్ డెబై అనే భౌతికశాస్త్రవేత్త దాన్ని ఎలా సరిచేశాడో అక్కడి నుంచి మొదలెడదాం.