పాత న్యూస్ రీళ్లలో మన ఊరి చరిత్రను వెతకడం ఎలా?

అసలు సినిమా మొదలయ్యే ముందు ఒకప్పుడు హాల్లో ఇండియన్ న్యూస్ అనే వార్తల రీలు వేసేవాళ్లు. పదేసి నిమిషాల నలుపు తెలుపు బొమ్మ. ప్రధానమంత్రి ఎక్కడో శంకుస్థాపన చేస్తుంటారు, ఇంకోచోట వరదలు, చివర్లో కాసేపు ఆటలు. చాలామంది ఆ టైముకి బయట సోడా తాగుతూ ఉండేవాళ్లు. మెయిన్ పిక్చర్ ఇంకా పడలేదులే అని తాపీగా లోపలికి వచ్చేవాళ్లు. అలా వాళ్లు చూడకుండా వదిలేసిన రీళ్లలో మన ఊళ్లు ఉన్నాయి. మంత్రిగారి జీపు వెనక పెంకుటిళ్లు, ఎడ్లబళ్లు, కొట్ల మీద బోర్డులు, చెట్టెక్కి చూస్తున్న పిల్లలు. కెమెరామన్ వీటి కోసం రాలేదు. ఆయన తీయాల్సింది మంత్రిగారిని. మనం చూడాల్సింది మంత్రిగారి వెనక ఉన్నవాళ్లని.

ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లు, పిల్లలతో ప్రాజెక్టు చేయించే టీచర్లు, ఎవరైనా ఈ పని చేయొచ్చు. ఇంటర్నెట్, ఒక నోటుబుక్కు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

1. ఆ కాలంలో కెమెరా ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

ఏ సంవత్సరం బొమ్మ ఎక్కడ దొరుకుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943లో, బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ న్యూస్ పరేడ్ అనే న్యూస్ రీలు మొదలుపెట్టింది. యుద్ధానికి జనం మద్దతు కూడగట్టడమే దాని పని. యుద్ధం అయ్యాక 1946లో ఆ విభాగాన్ని ఎత్తేశారు. అందువల్ల 1947 ఆగస్టు 15 నాటికి ప్రభుత్వానికి సొంత న్యూస్ రీలు సంస్థే లేదు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. అక్కణ్ణుంచి ఇండియన్ న్యూస్ రివ్యూ వారం వారం వచ్చేది, తెలుగు వ్యాఖ్యానంతో కూడా. లైసెన్సు షరతుల్లోనే ఉండేది కాబట్టి ప్రతి హాలూ దాన్ని వేసి తీరాలి. వీటికి తోడు బ్రిటిష్ పాథే, మూవీటోన్ లాంటి విదేశీ కంపెనీలు కూడా మన దేశంలో తీశాయి.

కాబట్టి 1946, 1948 మధ్య సంగతులకు విదేశీ కంపెనీల దగ్గరే ముందు వెతకాలి. ఆ తర్వాతవాటికి ఫిల్మ్స్ డివిజన్.

2. ఊరి పేరుతో కాకుండా సందర్భాలతో జాబితా రాయండి

చాలామంది నేరుగా ఊరి పేరు కొట్టి, ఏమీ రాకపోతే వదిలేస్తారు. కెమెరా ఊరికే ఏ ఊరికీ రాదు. ప్రధాని వస్తే, ఆనకట్ట కడితే, తుపాను వస్తే, పెద్ద మహాసభ జరిగితే వస్తుంది. మీ చుట్టుపక్కల యాభై కిలోమీటర్ల లోపు అలాంటివి ఏమేం జరిగాయో తేదీలతో రాసుకోండి.

ఉదాహరణకు విశాఖవాళ్లకు 1948 మార్చి 14, జల ఉష ఓడను నెహ్రూ నీటిలోకి వదిలిన రోజు. హైదరాబాదు సంస్థానంలోని ఊళ్లకు 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన సైనిక చర్య. కర్నూలుకు 1953 అక్టోబరు 1, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు. గుంటూరు, నల్లగొండ జిల్లాలకు 1955 డిసెంబరు 10, నాగార్జునసాగర్ శంకుస్థాపన. కృష్ణా జిల్లాకు 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాల్సిన సంగతి ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదాన ఉద్యమం, అంటే భూమి ఉన్నవాళ్లు లేనివాళ్లకు దానంగా ఇవ్వడం, మొదలైంది. ఆ సాయంత్రం అలాంటిది జరగబోతోందని ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే ‘పోచంపల్లి తొలి భూదానం’ అని ఎవరైనా వీడియో పెడితే వెంటనే నమ్మకండి. వినోబా తర్వాత చేసిన పాదయాత్రల బొమ్మ అయ్యే అవకాశమే ఎక్కువ. కెమెరాకు ముందే తెలిసే సందర్భమా, కాదా అని ప్రతిసారీ అడగాలి.

3. పాత పేర్లతో వెతకండి

కేటలాగులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, స్పెల్లింగులు ఆనాటివి. విజయవాడ కోసం బెజవాడ, కాకినాడ కోసం కోకనాడ, మచిలీపట్నం కోసం మసూలిపటం, శ్రీకాకుళం కోసం చికాకోల్, ఏలూరు కోసం ఎల్లోర్, విశాఖ కోసం వైజాగపటం అని కొట్టి చూడాలి. 1953 అక్టోబరుకు ముందు కోస్తా, రాయలసీమ బొమ్మలు ‘మద్రాస్’ కింద ఉండొచ్చు. హైదరాబాద్ అని వెతికితే సింధ్‌లోని హైదరాబాదు కూడా వచ్చి కలుస్తుంది, జాగ్రత్త. ఏమీ దొరకకపోతే నది పేరు, ‘ఇండియా ఫ్లడ్స్’, ‘సైక్లోన్’, ‘డ్యామ్’ లాంటి మాటలు వేసి ఏడాది వారీగా చూడటమే మార్గం. అది విసుగు పుట్టించే పనే, కానీ పేరు రాయని బొమ్మలు అలాగే బయటపడతాయి.

బ్రిటిష్ పాథే 2014లో సుమారు 85,000 ఫిల్ములను యూట్యూబ్‌లో పెట్టింది. మరుసటి ఏడాది మూవీటోన్ బొమ్మలూ వచ్చాయి. ఇండియన్ న్యూస్ పరేడ్ రీళ్ల కోసం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం కేటలాగు చూడాలి. ఫిల్మ్స్ డివిజన్‌నూ, పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌నూ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో (నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్) కలిపారు. కొన్ని న్యూస్ రీళ్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, లేనివాటికి ఉత్తరమో మెయిలో రాయాలి. ‘మా ఊరి బొమ్మలు ఉంటే చెప్పండి’ అని రాస్తే వాళ్లేం చేయగలరు? తేదీ, సందర్భం, వచ్చిన నాయకుడి పేరు ఇవ్వండి.

4. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి

ఈ పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదేనని నా నమ్మకం. వ్యాఖ్యానం తర్వాత స్టూడియోలో రాసి చదివినది. సంగీతం, చాలాసార్లు జనం చప్పట్లు కూడా, తర్వాత కలిపినవే. ఆ గంభీరమైన గొంతు వింటూ చూస్తే అది చెప్పిందే కనిపిస్తుంది. సౌండ్ లేకపోతే కళ్లు ఫ్రేము అంచుల్లోకి వెళతాయి.

ఒక్కో షాటు దగ్గర ఆపి, ఎన్నో నిమిషం ఎన్నో సెకను అన్నది రాసి, కనబడిందంతా రాయండి. ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, ఆడవాళ్లు ఏ వైపు ఉన్నారు, కాళ్లకు చెప్పులు ఉన్నాయా, తలపాగా ఎలా చుట్టారు, చీర ఎలా కట్టారు, నేల తడిగా ఉందా, కరెంటు స్తంభాలు ఉన్నాయా. ఇవన్నీ అయ్యాకే సౌండ్ పెట్టి, వ్యాఖ్యానం ఎవరి పేర్లు చెప్పింది, ఎవరిని వదిలేసింది అని పక్కన రాయండి.

నాగార్జునసాగర్ బొమ్మలు ఏవైనా దొరికితే ఇలా చూడండి, తేడా తెలుస్తుంది. అది రాతికట్టడం. యంత్రాలు తక్కువ, మనుషులు వేలల్లో. పాలమూరు నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చిన కూలీలు రాళ్లు మోసి కట్టిన ఆనకట్ట. వ్యాఖ్యానాల్లో వినిపించేవి ప్రధాని పేరు, ముఖ్యమంత్రుల పేర్లు, ఖర్చు, సాగులోకి వచ్చే ఎకరాలు. తట్ట మోస్తున్న ఆ తల్లి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఆమె ముఖం మాత్రం ఫిల్ము మీద ఉంది. చాలా పేద కుటుంబాలకు తమ పూర్వీకుల ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి తలచుకుంటే ఈ మూడు సెకన్ల షాట్లు ఎంత విలువైనవో అర్థమవుతుంది.

5. తేదీ తేల్చండి

వీడియో కింద రాసిన తేదీ చాలాసార్లు న్యూస్ రీలు విడుదలైన రోజు, సంఘటన జరిగిన రోజు కాదు. మన దేశపు రీళ్ల మొదట్లో సెన్సారు సర్టిఫికెట్టు కనిపిస్తే దాని మీది తేదీ రాసుకోండి, సంఘటన అంతకు ముందే జరిగి ఉంటుంది. సర్టిఫికెట్టు మీద నిడివి కూడా ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27 మీటర్లు నడుస్తుంది. లెక్క వేస్తే మీరు చూస్తున్నది పూర్తి రీలా, కత్తిరించిన ముక్కా అన్నది తేలిపోతుంది.

తర్వాత బొమ్మలోని ఆనవాళ్లు. గోడ మీద సినిమా పోస్టరు కనిపిస్తే అదృష్టమే. 1957 మార్చిలో విడుదలైన మాయాబజార్ పోస్టరు ఉందంటే ఆ షాటు అంతకు బాగా ముందుది కాదు. కానీ పాత సినిమాలు మళ్లీ మళ్లీ ఆడేవి కాబట్టి ఎంత తర్వాతిదో మాత్రం పోస్టరు చెప్పదు. రాష్ట్రం పేరు కూడా సాయం చేస్తుంది. సాగర్ గురించి ‘ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలు’ అని వ్యాఖ్యానం చెబితే అది 1956 నవంబరు 1కి ముందుది. ఇక సాగర్ గోడ ఎత్తే ఒక క్యాలెండరు. 1955లో శంకుస్థాపన జరిగితే 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో ఏ షాటు ఎప్పటిదో గోడ ఎంతవరకు లేచిందో చూసి అంచనా వేయొచ్చు. వెనక లోయలో తవ్వకాలు కనిపిస్తుంటే మరీ జాగ్రత్తగా చూడండి. నాగార్జునకొండలో పురావస్తు తవ్వకాలు 1954 నుంచి 1960 వరకు జరిగాయి. ఆ నేల ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

మరో రెండు మోసాలు ఉన్నాయి. ఒకటి లైబ్రరీ షాట్లు: జనం బొమ్మ తక్కువైతే ఎడిటరు వేరే చోట తీసినది అతికించేవాడు. వెలుతురు, నీడలు, కట్టూబొట్టూ ఒక్కసారిగా మారితే అనుమానించండి. రెండోది తిరగబడిన బొమ్మ. బోర్డుల అక్షరాలు, కారు స్టీరింగు కుడివైపే ఉందా అన్నది చూస్తే దొరికిపోతుంది.

6. పేపర్లతో సరిపోల్చండి

ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక లాంటివాటి పాత సంచికలు చాలావరకు స్కాన్ చేసి ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత పత్రికలకు మంచి చోట్లు. సంఘటన జరిగిన రోజు నుంచి వారం పేపర్లు తిరగేయండి. సభ ఎక్కడ జరిగింది, ఊరేగింపు ఏ దారిన వెళ్లింది, ఆ రోజు వాన పడిందా అన్నవి దొరుకుతాయి. సభలో నిరసన జరిగిందని పేపరు రాస్తే, న్యూస్ రీలులో అది లేకపోతే, ఆ రెండూ పక్కపక్కన రాయండి. ప్రభుత్వ కెమెరా ఏం వదిలేసిందన్నది కూడా మీ ఊరి చరిత్రే.

7. పెద్దవాళ్లకు చూపించండి

ఫోను తెర చాలదు. టీవీకో ల్యాప్‌టాప్‌కో పెట్టి, ఒకసారి మొత్తం చూడనిచ్చి, తర్వాత షాటు షాటుకూ ఆపండి. ప్రశ్నలో జవాబు పెట్టకండి. “తాతగారూ, ఇది మన గాంధీబొమ్మ సెంటరే కదండీ?” అంటే మర్యాద కోసమైనా “అవును బాబూ” అనేస్తారు. “ఇదెక్కడంటారండీ?” అని అడిగి ఊరుకోండి. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, ముగ్గురూ ఒకే చోటు చెబితేనే ఖాయం చేసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే మాటలు రికార్డు చేయండి.

‘హాల్లో ఫలానా ఏడాది చూశాను’ అన్నదాన్ని సంఘటన తేదీగా తీసుకోవద్దు. ప్రింట్లు పెద్ద పట్నాల్లో ఆడి, చిన్న ఊళ్లకూ టూరింగ్ టాకీసులకూ చాలా ఆలస్యంగా వచ్చేవి.

ఉప్పెన, వరద బొమ్మలైతే ముందు మీరొక్కరే చూడండి. ఏముందో ఇంటివాళ్లకు చెప్పి, చూస్తామంటేనే చూపించండి. దివిసీమలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. శవాలు కనిపించే షాట్లను వాట్సాప్ గ్రూపుల్లో పంచడం నా దృష్టిలో తప్పు.

8. రాసినదాన్ని పదిమందికీ అందే చోట పెట్టండి

వీడియోను డౌన్‌లోడ్ చేసి మళ్లీ మీ ఛానల్లో పెట్టకండి, చాలావాటి హక్కులు ఇంకా ఆయా సంస్థలవే కావచ్చు. పుస్తకంలోనో డాక్యుమెంటరీలోనో వాడాలంటే అనుమతి తీసుకోవాలి, నిడివిని బట్టి డబ్బూ కట్టాల్సి రావచ్చు. లింకు, షాటు సమయం, మీరు రాసిన వివరం ఇవ్వడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఖాయమైనవి, అనుమానం ఉన్నవి వేరువేరుగా రాసి, ఎవరు గుర్తుపట్టారో వాళ్లు ఒప్పుకుంటే పేరూ రాయండి. ఒక కాపీ ఊరి గ్రంథాలయానికి, ఇంకోటి హైస్కూలుకు ఇవ్వండి. ఆర్కైవు వాళ్లకు కూడా తప్పకుండా పంపండి. వాళ్ల కేటలాగులో ‘దక్షిణ భారతంలో ఒక గ్రామం’ అని మాత్రమే ఉన్న చోట మీ ఊరి పేరు చేరితే, తర్వాత వెతికేవాళ్లకు ఆ బొమ్మ నేరుగా దొరుకుతుంది.