డాస్ కాలం నాటి పీసీని వైఫైకి కలపడం ఎలా

డాస్‌తో నడిచే 386, 486 (పాత ప్రాసెసర్లు) పీసీని వైఫైకి కలపాలంటే చాలామంది ముందు పాత వైఫై కార్డు కోసం వెతుకుతారు. ఆ దారి వద్దు. 802.11బి (పాత వైఫై ప్రమాణం) కాలం నాటి కార్డుల్లో చాలావాటికి వెప్ అనే, తేలికగా ఛేదించగల పాత ఎన్‌క్రిప్షన్ తప్ప మరో భద్రత రాదు. వాటి కోసం ఇంటి వైఫైని వెప్‌కి దించితే మిగతా ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు రక్షణ పోయినట్టే. పాత మిషన్‌కి ఈథర్నెట్ ఇవ్వండి చాలు. పాస్‌వర్డు, ఎన్‌క్రిప్షన్ గొడవంతా పక్కన పెట్టే చిన్న రౌటర్ చూసుకుంటుంది.

కావలసినవి: ఎన్‌ఈ2000 నమూనాకి సరిపోయే, ఐఎస్‌ఏ అనే పాత రకం స్లాట్‌లో పెట్టే నెట్‌వర్క్ కార్డు (రియల్‌టెక్ 8019ఏఎస్ చిప్ ఉన్నది బాగా పనిచేస్తుంది), క్లయింట్ మోడ్ (ఫోన్‌లా తనే ఇంటి వైఫైకి కలిసే పద్ధతి) ఉన్న ట్రావెల్ రౌటర్, ఒక ఈథర్నెట్ కేబుల్, కార్డుకి తగిన ప్యాకెట్ డ్రైవర్ (డాస్ ప్రోగ్రాములకి కార్డుని అందించేది), ఎంటీసీపీ (డాస్‌లో నెట్ వాడే ప్రోగ్రాముల కట్ట). కార్డు మీద గుండ్రటి బీఎన్‌సీ కనెక్టర్ ఒక్కటే ఉంటే తీసుకోకండి, మామూలు ఈథర్నెట్ కేబుల్ పట్టే ఆర్‌జే45 ఉండాల్సిందే.

కార్డు అమర్చడం

పవర్ తీగ పీకాకే కార్డు పెట్టండి. అసలు తలనొప్పి ఐఆర్‌క్యూ (కార్డు సీపీయూని పిలిచే లైను నంబరు) దగ్గరే వస్తుంది. మామూలుగా 3 కామ్2 సీరియల్ పోర్టుది, 4 కామ్1ది, 6 ఫ్లాపీది, 7 ప్రింటర్‌ది. 5 మీద చాలాసార్లు సౌండ్ కార్డు కూర్చుంటుంది. 16 బిట్ స్లాట్ ఉంటే 10 గానీ 11 గానీ ఇవ్వండి. 8 బిట్ స్లాట్లే ఉన్న ఎక్స్‌టీలో (386 కన్నా పాత పీసీ) ఆ నంబర్లు దొరకవు కాబట్టి, కామ్2ని ఆపేసి 3 వాడుకోవాలి. ఐఓ బేస్ (సీపీయూ కార్డుతో మాట్లాడే చిరునామా) హెక్స్ 300 సాధారణంగా ఖాళీగా ఉంటుంది. 8019 కార్డు ప్లగ్ అండ్ ప్లేలో ఉంటే, దాని సెటప్ ప్రోగ్రామ్‌తో జంపర్‌లెస్ మోడ్‌కి మార్చి ఈ విలువలు అందులోనే రాసి పెట్టండి.

రౌటర్

దీన్ని ముందు ల్యాప్‌టాప్‌తో సరిచూసుకోండి. క్లయింట్ మోడ్‌లో ఇంటి వైఫైకి కలిపి, ల్యాన్ పోర్టుకి ల్యాప్‌టాప్ తగిలించి, ల్యాప్‌టాప్ సొంత వైఫై ఆపి చూడండి. నెట్ వస్తేనే పాత పీసీ దగ్గరికి వెళ్లండి. పాత కార్డు వేగం 10 ఎంబీపీఎస్. కొన్ని 2.5 గిగాబిట్ పోర్టులు అంత కిందికి దిగవు, లింక్ లైటే వెలగదు. అప్పుడు మధ్యలో ఒక 10/100 స్విచ్ పెడితే సరిపోతుంది.

డాస్ వైపు

ప్యాకెట్ డ్రైవర్ పేరు తర్వాత మూడు విలువలు వరసగా ఇవ్వాలి: సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ హెక్స్ 60, ఐఆర్‌క్యూ, ఐఓ బేస్. ఎంటీసీపీ కాన్ఫిగ్ ఫైల్లో ప్యాకెట్‌ఇంట్ లైనుకి అదే హెక్స్ 60 రాయండి. ఆ ఫైలు ఎక్కడుందో ఎంటీసీపీసీఎఫ్‌జీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి పూర్తి పాత్‌తో చెప్పండి. తర్వాత రౌటర్ నుంచి ఐపీ అడ్రసు అడిగే డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ నడపండి. ఐపీ అడ్రసు వచ్చిందంటే కష్టమైన పని అయిపోయింది. ఇవన్నీ ఆటోఎగ్జెక్ ఫైల్లో పెట్టుకుంటే బూట్ అయిన ప్రతిసారీ కొత్త లీజు (అడ్రసు వాడుకునే గడువు) వస్తుంది.

డ్రైవర్ ఎక్కుతూ కార్డు మ్యాక్ అడ్రసు (దాని సొంత గుర్తింపు నంబరు) చూపిస్తుంది. ఆ లైను జాగ్రత్తగా చదవండి. అన్నీ ఎఫ్‌లే కనిపిస్తే ఐఓ బేస్ తప్పు. అడ్రసు సరిగ్గా ఉండి డీహెచ్‌సీపీ మాత్రం జవాబు రాక ఆగిపోతుంటే, ముందు లింక్ లైటు చూడండి. అది వెలుగుతుంటే ఐఆర్‌క్యూని అనుమానించండి: కార్డుకి ప్యాకెట్ అందుతోంది, ఆ సంగతి సీపీయూకి తెలియడం లేదు.

ఫైళ్లు పంపడం

రౌటర్ ఎన్‌ఏటీ చేస్తుంటే (పాత పీసీ అడ్రసుని తన అడ్రసు వెనక దాస్తుంటే) పాత పీసీ బయటికి వెళ్లగలదు గానీ, బయటి నుంచి నేరుగా దాన్ని చేరలేం. అందుకే ఫైళ్లు అందించే ఎఫ్‌టీపీ సర్వర్‌ని ల్యాప్‌టాప్ మీద నడిపి, డాస్ నుంచి పాసివ్ మోడ్‌లో (కనెక్షన్లన్నీ డాస్ వైపు నుంచే మొదలయ్యే పద్ధతి) కలవడం తేలిక. ప్రోగ్రాములు, జిప్ ఫైళ్లు తెచ్చేముందు బైనరీ మోడ్‌కి మారండి. టెక్స్ట్ మోడ్‌లో వస్తే ఫైలు పాడవుతుంది. ఎఫ్‌టీపీ పాస్‌వర్డు తీగ మీద దాపరికం లేకుండా వెళుతుంది, మరెక్కడా వాడనిది పెట్టండి. వెబ్ మీద మాత్రం ఆశ తగ్గించుకోండి. నేటి సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ అడుగుతాయి, అది ఈ ప్రోగ్రాములకు సొంతంగా రాదు.

స్లాటే లేకపోతే

సీరియల్ పోర్టుకి ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్‌తో చేసిన వైఫై మోడెమ్ తగిలించవచ్చు. ఆ చిప్ 3.3 వోల్టులది, ఆర్‌ఎస్-232 లైను ప్లస్, మైనస్ 12 వోల్టుల దాకా ఊగుతుంది. మధ్యలో వోల్టేజి మార్చే మ్యాక్స్3232 చిప్ లేకుండా కలిపితే చిప్ కాలిపోతుంది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటుంది. పీసీ సీరియల్ పోర్టులో 16550ఏ చిప్ ఉంటే 115200 బాడ్‌కి వెళ్లవచ్చు, 1.44 ఎంబీ ఫ్లాపీ అంత సమాచారం సుమారు 2 నిమిషాల్లో వస్తుంది. పాత 8250 చిప్‌కి ఒక్క బైటుకి మించి దాచుకునే చోటు లేదు, వేగం పెంచితే అక్షరాలు జారిపోతాయి. దాన్ని 9600 దగ్గర ఉంచితే నమ్మకంగా నడుస్తుంది, కాకపోతే అదే ఫ్లాపీకి 25 నిమిషాలు పైనే పడుతుంది.