కిక్ బాగా మోగడం లేదా? ముందు లోపలి దిండు బయటికి తీయండి

కిక్, అంటే డ్రమ్ సెట్‌లో కాలితో వాయించే బాస్ డ్రమ్, నచ్చినట్టు మోగకపోతే చాలామంది లోపల ఇంకో దిండు కుక్కేస్తారు. ట్యూనింగ్‌లో ఉన్న లోపాన్ని ఏ దిండూ సరిచేయలేదు. అందుకే ఏ సమస్య అయినా ముందు లోపలున్నదంతా తీసేసి, ఖాళీ డ్రమ్‌ను ఒకసారి వినండి.

అట్టపెట్టెను తన్నినట్టు, ప్రాణం లేకుండా ఉంది

దిండు రెండు హెడ్‌లనూ (డ్రమ్‌కు రెండు వైపులా బిగించే మూతలను) గట్టిగా నొక్కుతోందన్నమాట. బీటర్ (పెడల్‌కు ఉండే సుత్తి) కొట్టగానే లోపలి గాలి ముందువైపు హెడ్‌ను కదిలిస్తుంది. డ్రమ్‌లోని నిండుదనంలో చాలా భాగం ఆ కదలిక వల్లే వస్తుంది. దాన్ని ఆపేస్తే మిగిలేది 'టప్' మాత్రమే. దిండు తీసేసి, ఒక తువ్వాలు మడిచి, బీటర్ వైపు హెడ్‌కు కింది అంచున ఊరికే ఆనేలా పెట్టండి. ముందు హెడ్ జోలికి పోవద్దు. బీటర్‌ను హెడ్‌కు అదిమిపట్టి వాయించే అలవాటు ఉన్నా మోత ఇలాగే చచ్చిపోతుంది. కొట్టి వెనక్కి రానిచ్చి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

గుంయ్‌మని ఆగకుండా మోగుతోంది

ఒకే పొర ఉన్న మామూలు హెడ్‌కు ఇది సహజం. మాటిమాటికీ తువ్వాలు సర్దడం కన్నా, మోతను తగ్గించే ఏర్పాటు ఉన్న హెడ్ కొనడం మంచిది. రెమో పవర్‌స్ట్రోక్ 3కి లోపలి అంచు చుట్టూ పలచని రింగ్ ఉంటుంది. ఎవాన్స్ ఇమాడ్‌కు బయటివైపు ఫోమ్ రింగ్ ఉంటుంది. సన్నది, వెడల్పుది మార్చుకుని చూసుకోవచ్చు.

స్వరం నిలకడగా లేదు, ఊగుతోంది

హెడ్‌ను బిగించే రాడ్‌ల టెన్షన్ సమానంగా లేదు. కొత్త హెడ్ కొనేముందు ఈ పని ఓపిగ్గా చేయండి. అసలు మార్పంతా ఇక్కడే వస్తుంది. బీటర్ వైపు హెడ్ విప్పి, షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) అంచు శుభ్రంగా తుడవండి. మళ్లీ ఎక్కించి రాడ్‌లన్నీ వేళ్లతోనే బిగించండి. అరచేతిని మధ్యలో ఆనించి నొక్కితే రాడ్‌ల దగ్గర ముడతలు కనిపిస్తాయి. ఎదురెదురు రాడ్‌లను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఆ ముడతలు పోయేదాకా వెళ్లి ఆగండి. తర్వాత ఒక్కో రాడ్‌కు రెండు అంగుళాల ఇవతల వేలితో తట్టి వినండి. ఎక్కడ స్వరం పైకి పోతే అక్కడ కాస్త వదులు చేయండి. ముందు హెడ్‌ను దీనికన్నా కొంచెం బిగువుగా ఉంచితే నాకు నచ్చుతుంది.

మిగతా వాద్యాల్లో కలిసిపోతోంది, దెబ్బ వినిపించడం లేదు

ఫెల్ట్ బీటర్ తీసి చెక్కదో ప్లాస్టిక్‌దో పెట్టండి. అది తగిలేచోట ప్యాచ్ (చిన్న బిళ్ల) అంటించండి. మైక్ వాడుతుంటే ముందు హెడ్‌కు, మధ్యలో కాకుండా పక్కగా, 4 లేదా 5 అంగుళాల రంధ్రం చాలు. మరీ పెద్దది కోస్తే ముందు హెడ్ ఇచ్చే మోత పోతుంది.

గలగల, జరజర

పక్కనున్న స్నేర్ డ్రమ్ అడుగు తీగలు వదులు చేసి కిక్ కొట్టండి. శబ్దం ఆగితే అది తీగలదే. ఆగకపోతే వదులైన రాడ్ కోసం వెతకండి, ముఖ్యంగా ముందు వైపు.

ఇవన్నీ చేసినా మోత మొద్దుగానే ఉంటే బీటర్ తగిలేచోట వేలితో తడమండి. అక్కడ గుంట పడి ఉంటే ఇక ట్యూనింగ్‌తో పనికాదు, ఆ హెడ్ మార్చాల్సిందే.