ముందు ఫోర్కులు మార్చుకుంటున్నారా? కింది టీ బోల్టులు చూశాకే బండి ఎక్కండి

గత నెలాఖరున నకిరేకల్ దగ్గర హైవే మీద పడిపోయిన ఒక బండిని ట్రాలీ ఆటోలో మా షెడ్డుకు తెచ్చారు. పాత క్రూజర్, బాగా చూసుకున్న బండి. నడిపిన అబ్బాయికి మణికట్టు, భుజం దగ్గరి ఎముక విరిగాయి. ముందు రోజే ఇంటి వాకిట్లో స్నేహితుడితో కలిసి ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు, మార్చుకున్నాడట. చక్రం బాగానే ఉంది, బ్రేకు బాగానే ఉంది, కొత్త ఫోర్కుల్లో ఏ లోపమూ లేదు. కుడివైపు గొట్టం మాత్రం పై టీ (ఫోర్కు గొట్టాలను పట్టుకునే బిగింపు ముక్క) మీదికి రెండు వేళ్ల మందాన పొడుచుకు వచ్చింది. కింద కూర్చుని టార్చి వేసి కింది టీ బోల్టు పట్టుకున్నాను. పానా అవసరం లేకుండానే వేళ్లతో తిరిగింది.

ఇలాంటి బండి నా చేతికి రావడం ఇది మూడోసారి. మూడింటిలోనూ అదే బోల్టు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, కృష్ణకు పైనుంచి వరద మొదలైంది. సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త రాగానే నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ కుర్రాళ్లంతా అటు బయల్దేరతారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు వాళ్లు అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్తారు. వెళ్లే ముందు రెండు మూడు రోజుల్లో మూలన పడి ఉన్న పాత బండిని బయటికి తీసి, ఆయిలు కారుతున్న ఫోర్కులు మార్చేస్తారు. అమ్రాబాద్ అడవిలో రాత్రి తొమ్మిదికి దారి మూసేస్తారు కాబట్టి ఆ లోపే దాటాలన్న తొందర ఒకటి. ఎన్నడూ గట్టి బ్రేకు పడని కొత్త బిగింపుతో నేరుగా ఘాట్ మలుపుల్లోకి దిగుతారు.

ఆ ఒక్క బోల్టు

రెండు ఫోర్కు గొట్టాలను పైన ఒక టీ, కింద ఒక టీ పట్టుకుని ఉంటాయి. గొట్టాన్ని కిందినుంచి పైకి తోసినప్పుడు అది జారి పడకుండా కింది టీ బోల్టును వేళ్లతో నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తాం. అంతవరకు తప్పు లేదు, నేనూ అలాగే చేస్తాను. తర్వాత మడ్‌గార్డు వస్తుంది, చక్రం వస్తుంది, యాక్సిల్ ఒక పట్టాన దూరదు, ఎవరో చాయ్ తెస్తారు, ఫోను మోగుతుంది, చీకటి పడుతుంది. చివరికి సీటు మీద కూర్చుంటే కళ్ల ముందు మెరిసేవి పై టీ బోల్టులే. కిందివి హెడ్‌లైటు వెనక దాక్కుని ఉంటాయి. ఆ బోల్టును మన చెయ్యి ఒకసారి తిప్పింది కాబట్టి బిగించేశామనే మనసు చెబుతుంది.

ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు బండి బరువంతా ముందుకు వస్తుంది. గొట్టాన్ని వంచే బలం అన్నిటికంటే ఎక్కువగా పడేది కింది టీ దగ్గరే. అక్కడ పట్టు లేకపోతే పై బోల్టు ఒక్కటే ఆపలేదు. ఒక గొట్టం జారుతుంది, రెండోది జారదు, చక్రం పక్కకు వాలుతుంది. హ్యాండిల్ మీద ఎంత బలం ఉన్నవాడికైనా అది లొంగదు.

కాబట్టి గొట్టం తుది ఎత్తు కుదిరిన వెంటనే, చక్రం ముట్టుకోకముందే, కింది టీ బోల్టులు పూర్తిగా బిగించండి. బిగించిన ప్రతి బోల్టు తల మీదినుంచి టీ మీదికి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీయండి. గోళ్ల రంగైనా పర్వాలేదు. గీత లేని బోల్టు బిగించని బోల్టే అనుకోండి.

పాత బుల్లెట్ల సంగతి వేరు. వాటిలో గొట్టం పై చివర కోన్‌లా సన్నబడి పైభాగంలో ఇరుక్కుని కూర్చుంటుంది. అక్కడ కింది బోల్టు ముందే బిగిస్తే గొట్టం పైకి పూర్తిగా చేరదు, పై మూత మాత్రం బిగిసినట్టే అనిపిస్తుంది. మూతతో గొట్టాన్ని పైకి లాగి కూర్చోబెట్టాకే కింది టీ బోల్టు బిగించాలి. అయినా మరిచిపోయేది మళ్లీ ఆ కింది బోల్టునే.

జిడ్డు

నకిరేకల్ బండిలో నేను చూసిన రెండో సంగతి ఇది. గొట్టం మీద టీ పట్టుకునే చోట వేలు పెట్టి రుద్దితే నూనె అంటింది. మన షెడ్లలో సామాను డీజిలుతోనో కిరోసిన్‌తోనో కడుగుతాం. మట్టి పోతుంది కానీ పలచటి నూనె పొర మిగిలిపోతుంది. టీ లోపలి భాగాన్ని, గొట్టాన్ని కొంచెం పెట్రోలు తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. ఇది ఆరుబయట, పొయ్యికి, బీడీకి దూరంగా చేయాల్సిన పని. బిగింపు చోట గ్రీజు ఎప్పుడూ రాయవద్దు. డీజిలు చేతులతో బ్రేకు డిస్కును ముట్టుకోవద్దు.

బలం ఉంది కదా అని పొడుగు పైపు తగిలించి బోల్టు బిగించడం కూడా తప్పే. అల్యూమినియం టీ చీలుతుంది, ఆ పగులు వెంటనే కనిపించదు. టార్క్ రెంచ్ అడిగి తెచ్చుకోండి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు చాలా బండ్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. మీ బండి సర్వీసు మాన్యువల్‌లో వేరే సంఖ్య ఉంటే అదే పాటించండి.

పాత సామాను కొంటే

తుక్కు దుకాణంలో దొరికిన ఫోర్కు గొట్టాన్ని మందపాటి అద్దం మీద దొర్లించండి. అద్దానికి, గొట్టానికి మధ్య వెలుగు సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తే గొట్టం వంగింది. వంగినదాన్ని చక్కదిద్ది అమ్ముతామంటే వద్దనండి. ఆయిలు సీలు జారే చోట గోరుతో గీకండి. గోరు తగులుకుంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టు, కొత్త సీలును నెలలో కోసేస్తుంది. మీ మోడల్ ఫోర్కులే వేసుకోండి. వేరే బండి ముందుభాగం మొత్తం తెచ్చి తగిలిస్తే బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో చిక్కు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇంకో చిక్కు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

డబుల్ స్టాండు ఒక్కదాన్నే నమ్మవద్దు. చక్రం తీయగానే బరువు వెనక్కి పోతుంది. ఇంజిన్ కింద జాకీ, దాని మీద చెక్క పెట్టండి. ఇటుకలు పేర్చవద్దు.

ఫోర్కు మూత విప్పేటప్పుడు మొహం దాని మీదికి వంచవద్దు. లోపల స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, చివరి మరకు రాగానే మూత ఎగిరి కంటికి తగులుతుంది.

కాలిపర్‌ను (డిస్కును పట్టే బ్రేకు భాగం) బ్రేకు గొట్టానికి వేలాడదీయవద్దు. తాడుతో ఫ్రేముకు కట్టండి. అది విప్పి ఉండగా బ్రేకు లీవరు నొక్కవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు.

రెండు ఫోర్కుల్లో ఆయిలు కొలిచి సమానంగా పోయండి.

ముందు డ్రమ్ బ్రేకు ఉన్న బండైతే బ్రేకు ప్లేటు గాడి ఫోర్కు మీది మొనలో కూర్చుందో లేదో వేలు పెట్టి చూడండి. కూర్చోకపోతే మొదటి బ్రేకుకే ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం పట్టేస్తుంది.

యాక్సిల్ నట్టు బిగించాక, దాన్ని పట్టే చిన్న బోల్టు బిగించేముందు, బ్రేకు పట్టి ముందుభాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలండి. లేకపోతే ఫోర్కులు ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి.

హ్యాండిల్‌ను ఇటు చివరినుంచి అటు చివరికి తిప్పండి. కేబుల్ లాగినా, బ్రేకు గొట్టం బిగుసుకున్నా, ఇంజిన్ వేగం పెరిగినా బయల్దేరవద్దు.

చక్రం గాలిలో ఉండగా ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్‌మంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులుగా ఉంది.

బ్రేకు లీవరు గట్టిపడేదాకా కొట్టండి. ఆ తర్వాతే సీటు ఎక్కండి.

చీకట్లో ముగించవద్దు. మిగిలిన పని రేపు పొద్దున చేసుకోండి.

బయల్దేరేముందు వేరొకరి చేతికి పానా ఇచ్చి కింది టీ బోల్టులు చూపించమనండి. నువ్వే బిగించావు కదా అన్నా అంటాడు. అయినా చూడమనండి.

మొదటి రెండు కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ పదిసార్లు ముందు బ్రేకు పట్టండి, ప్రతిసారీ కొంచెం గట్టిగా. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఇంటికి వచ్చి గీతలు చూడండి.

50 కిలోమీటర్లకు మళ్లీ ఆగండి. హెడ్‌లైటు వెనక టార్చి వేయండి. కింది టీ బోల్టు మీది గీత విడిపోయినా, గొట్టం వెంట్రుకవాసి పైకి జరిగినా, దారిలో బిగించుకుని ముందుకు వెళ్లవద్దు. బండిని ట్రాలీలో వెనక్కి తెచ్చి, గొట్టం బయటికి తీసి, జిడ్డు తుడిచి, మళ్లీ మొదటినుంచి బిగించండి.