పొక్లెయిన్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్: కంట్రోలర్ విప్పే ముందు చూడాల్సినవి

మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ పడి, ఇంజిన్ ఐడిల్‌కి పడిపోయి, పొక్లెయిన్ క్వారీ గుంతలో ఆగిందంటే ఓనర్ ఫోన్‌లో అడిగే మొదటి మాట ఒకటే: "కంట్రోలర్ పోయిందా అన్నా? ఎంతవుద్ది?" చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తుంటాను కాబట్టి ఈ ఫోన్లు నాకు మామూలే. చాలాసార్లు కంట్రోలర్ నిక్షేపంగా ఉంటుంది. పోయింది వైరో, పిన్నో, ఎర్తో.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంట్రోలర్), హైడ్రాలిక్ పంపు కంట్రోలర్, మానిటర్ ఇవన్నీ క్యాన్ అనే నెట్‌వర్క్‌లో రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. ఒకటి క్యాన్ హై, రెండోది క్యాన్ లో. రెండూ మెలిపెట్టి ఉంటాయి, చాలా బండ్లలో పసుపు, ఆకుపచ్చ రంగుల్లో. ఇంజిన్ ఈసీయూ నుంచి రావాల్సిన ఆర్‌పీఎం రాకపోతే ఎదురుచూస్తున్న మానిటరే కోడ్ వేస్తుంది. అంటే కోడ్ వేసినవాడు ఫిర్యాదుదారు, దొంగ కాదు. ఈ తేడా తెలియకే మంచి మానిటర్లు విప్పి పక్కన పెడుతుంటారు.

అందుకే కోడ్లు చెరపకండి. ప్రతి కంట్రోలర్‌లో ఏ కోడ్ ఉందో ఫోటో తీసుకోండి. మానిటరూ, పంపు కంట్రోలరూ రెండూ ఇంజిన్ ఈసీయూ పేరే చెబుతుంటే ఆ ఈసీయూకి కరెంటు, ఎర్త్ అందుతున్నాయో లేదో చూడాలి. అందరూ అందరి మీదా చెబుతుంటే తేడా ఉమ్మడి వైర్లలో ఉంది. జే1939 (పెద్ద బండ్ల క్యాన్ నెట్‌వర్క్‌కి ఉన్న ప్రమాణం) కోడ్లు చూపించే బండ్లలో ఎస్‌పీఎన్, అంటే తేడా దేని గురించో చెప్పే నంబరు, 639 అయితే అది ఆ నెట్‌వర్క్ గురించే. దాంతోపాటు తేడా ఏ రకమో చెప్పే ఎఫ్ఎంఐ నంబరు 9 వస్తే సమాచారం టైముకి రావడం లేదని అర్థం.

తర్వాత ఆపరేటర్‌ని కూర్చోబెట్టి అడగండి. వేడెక్కాక వస్తుందా, స్వింగ్ కొట్టేటప్పుడా, వాన తర్వాతా? ఈమధ్య బకెట్‌కి వెల్డింగ్ పెట్టారా, ఇంజిన్ గదిని ప్రెషర్ నీళ్లతో కడిగారా, జీపీఎస్ డబ్బా కొత్తగా బిగించారా? జీపీఎస్ మాట రాగానే నేను నేరుగా దాని వైర్ల దగ్గరికే వెళ్తాను. క్యాన్ వైర్ ఇన్సులేషన్ గీకి, చుట్టేసి, టేపు వేసి వదిలేస్తారు. నీళ్లు తగిలేదాకా బాగానే ఉంటుంది.

మీటర్‌తో మొదట బ్యాటరీలు చూడండి. రెండు 12 వోల్టుల బ్యాటరీలను విడివిడిగా కొలవాలి, ఒకటి బలహీనంగా ఉన్నా మొత్తం లెక్కలో తెలియకపోవచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే కంట్రోలర్లు ఆరిపోయి మళ్లీ లేస్తాయి, మానిటర్ దాన్నే కమ్యూనికేషన్ పోయిందని రాసుకుంటుంది. ఆ తర్వాత ఎర్త్. కీ ఆన్‌లో, లోడ్ ఉన్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఈసీయూ ఎర్త్ పిన్‌కీ మధ్య వోల్టేజీ కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ గీకి బిగించండి.

ఇప్పుడు అసలు పరీక్ష. మెయిన్ స్విచ్ ఆపి, కాసేపు ఆగి, డయాగ్నస్టిక్ సాకెట్‌లో క్యాన్ హై, లో మధ్య ఓమ్స్ కొలవాలి. తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్ అయితే సాధారణంగా సీ పిన్ హై, డీ పిన్ లో. సొంత సాకెట్ ఉన్న బండ్లకు సర్క్యూట్ డయాగ్రమ్ చూడక తప్పదు. వైరుకి రెండు కొసల్లో చెరో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది, కొన్ని బండ్లలో అది కంట్రోలర్ లోపలే ఉంటుంది. అందువల్ల మీటర్ దాదాపు 60 చూపించాలి. 120 వస్తే ఒక కొస తెగింది, లేదా ఒక రెసిస్టర్ లేదు. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ పెట్టారు. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ ఎక్కడో కలిశాయి.

60 వచ్చిందని సంబరపడొద్దు. మెయిన్ స్విచ్ వేసి, కీ ఆన్ చేసి, ఎర్త్ నుంచి ఒక్కో వైరు వోల్టేజీ చూడండి. హై రెండున్నరకి కాస్త పైన, లో కాస్త కింద ఉండాలి, రెండూ కలిపితే సుమారు 5. ఏదైనా 24 దగ్గర కనిపిస్తే పక్కనున్న లైవ్ వైరు తగిలింది. రెండూ సున్నాకి పడితే బాడీకి తగిలింది. అప్పుడు కంట్రోలర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడండి, ప్రతిసారీ మెయిన్ స్విచ్ ఆపి. ఏది పీకగానే వోల్టేజీ సర్దుకుందో తేడా ఆ కంట్రోలర్‌లోనో దానికి వెళ్లే వైరు కొమ్మలోనో ఉంటుంది. రెసిస్టర్ లోపలున్న కంట్రోలర్ పీకితే ఓమ్స్ 120 అవుతుంది, కంగారు పడకండి.

వచ్చిపోయే తేడాకి ఓపిక కావాలి. ఒక బండి ఎండెక్కాక ఐడిల్‌కి పడిపోయేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 60. మీటర్ అలాగే వదిలి, మరొకరిని చూడమని, క్యాబిన్ వెనక నుంచి ఇంజిన్ వైపు వెళ్లే హార్నెస్‌ని (వైర్ల కట్టని) జానెడు జానెడు కదుపుతూ వెళ్లాను. పెద్ద కనెక్టర్ దగ్గరికి రాగానే, "అన్నా, 120" అన్నాడు. విప్పితే రబ్బరు సీల్ ఒక పక్క మడతపడి ఉంది, లోపల రాతిపొడి బురద, లో పిన్ మీద పచ్చటి చిలుము. ఎదుటి సాకెట్ నోరు కూడా వెడల్పయింది. ఎవరో ముందు నుంచి మీటర్ ప్రోబ్ దూర్చిన గుర్తు. కొలవాలంటే వెనక నుంచి సన్నటి పిన్‌తో కొలవాలి, ముందు నుంచి పొడవకూడదు, ఇన్సులేషన్‌కి కన్నం పెట్టకూడదు.

చిలుము పట్టిన పిన్‌ని గీకి మళ్లీ వాడితే వానాకాలానికి అదే ఫోన్ వస్తుంది. పిన్, సాకెట్, సీల్ మూడూ మార్చండి. తెగిన వైరుకి క్రింప్ (నొక్కి బిగించే జాయింట్) వేసి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) ఎక్కించి, రెండు వైర్ల మెలిక ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టండి. మెలిక లేకపోతే ఆల్టర్నేటర్ గోల ఆ వైర్లలోకి వస్తుంది. ఎలుకలు కొరికినచోట ఒక్క వైరు అతికి వదలొద్దు, చుట్టూ ఉన్నవి కూడా చూడండి.

వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు తీసి, కంట్రోలర్ కనెక్టర్లు కూడా పీకి, వెల్డింగ్ ఎర్త్‌ని పని చేసేచోటికి దగ్గరగా తగిలించాలి. నిజంగా కాలిన కంట్రోలర్లు నాకు ఎక్కువగా దొరికింది వెల్డింగ్ తర్వాతే.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కరెంటూ ఎర్తూ అందుతూ కూడా ఈసీయూ నోరు విప్పకపోతేనే దాన్ని మార్చే మాట. అప్పుడు కూడా పక్క బండిది తెచ్చి తగిలించి చూద్దామని ఓనర్ అంటాడు, ఒప్పుకోవద్దు. ఆ బండి మోడల్‌కి, సీరియల్‌కి తగ్గ ప్రోగ్రామ్ అందులో ఎక్కించాలి, దానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ రావాల్సిందే.