పొద్దున్నే అందుకోని జనరేటర్: గాలి పీలుస్తున్న చోటు

ఒంటిమిట్ట తిరునాళ్లలో జెయింట్ వీల్ జనరేటర్‌ను రాత్రి ఆపితే, పొద్దున డీజిల్‌ను చేత్తో ఎక్కించే హ్యాండ్ పంపు కొట్టందే అందుకునేది కాదు. బ్యాటరీ, ఫిల్టర్, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చినా అంతే.

ట్యాంకుకూ, దాన్నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శక డీజిల్ గొట్టం కలిపి ఇంజిన్ తిప్పితే, ఆవగింజంత బుడగలు వరుసగా వచ్చాయి. పీల్చే వైపు లీకు ఇంజిన్ నడిచేటప్పుడు బయటికి కారదు, గాలిని లోపలికి లాగుతుంది. అందుకే ఎంత తడిమినా చెమ్మ దొరకదు.

ఫీడ్ పంపుకు గొట్టాన్ని బిగించే బాంజో బోల్టు (డీజిల్ పారేలా లోపల బోలుగా ఉండేది) విప్పితే రాగి వాషర్లు గీతలు పడి అణిగిపోయున్నాయి. రెండు పక్కలవీ కొత్తవి వేశా. ఒక్కటే మారిస్తే చాలదు. తర్వాత ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలేది) వదులు చేసి, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, ధార ఆగకముందే బిగించాను. నాజిళ్లకు డీజిల్ తోసే ఇంజెక్షన్ పంపు మీది బ్లీడ్ స్క్రూ ఆ తర్వాతే.

మా ట్యాంకు ఇంజిన్ కన్నా కింద ఉంటుంది, గాలి దూరితే రాత్రికి డీజిల్ వెనక్కి దిగిపోతుంది. పైన ఉండే సెట్లకు ఇది కుదరకపోవచ్చు.